లూపే షాఫ్టు మీది చార

వైతోవా, సవాయి దీవి
1996 జూలై 3

చెల్లెలి కూతురు ఆవోలేలేకు పెద్దమ్మ ఫువాతినో చెప్పి రాయిస్తున్నది.

నాకు అక్షరం రాదని నీకు తెలుసు. పాస్టరు గారి భార్య సొసెఫినా రాస్తోంది. ఎలా చెబితే అలాగే రాయమన్నాను, తిట్లతో సహా. (తిట్లు కొన్ని తగ్గించాను. సొసెఫినా.)

క్షేమ సమాచారాలు తర్వాత. ముందు నా ఫిర్యాదు విను. మన ఊరి పడవ లూపే షాఫ్టు విరిగింది. ఇంజనుకీ వెనక తిరిగే రెక్కలకీ మధ్య ఉంటుందే, ఆ పొడుగాటి ఉక్కు కడ్డీ. నా కొడుకు, నీ అన్నయ్య పెనియమినా లేతు యంత్రం మీద ఉక్కుని తిప్పి చెక్కి, సొంత చేతులతో చేసిందే. నువ్వు నేర్పిన పద్ధతిలో మెరుగు పెట్టిందే. మర్చిపోయావా? క్రిస్మస్‌కి వచ్చి, షెడ్డులో గొంతుక్కూర్చుని, కొత్త గౌనంతా నూనె చేసుకుని చెప్పావు: "గరుకు కాగితంతో రుద్దకు అన్నయ్యా. గట్టి రోలరుతో నొక్కుకుంటూ పో. లోహం అరగదు, అణుగుతుంది. పైపొర గట్టిపడుతుంది. బీట పుట్టదు." వాడు నీ మాట నమ్మి పాత లారీ బేరింగుతో రోలరు చేసుకున్నాడు. షాఫ్టు ఎంత నున్నగా వచ్చిందంటే ఊళ్ళో ఆడపిల్లలు దాంట్లో చూసుకుని తల దువ్వుకున్నారు.

అదే షాఫ్టు జలసంధి మధ్యలో ఫెళ్ళున విరిగింది. ఆ రోజు పడవలో ఎవరున్నారనుకున్నావు? మతాయి తువాలా! ఊరి పెద్దమనిషి ఐసు పెట్టె మూతతో తెడ్డేసుకుంటూ ఒడ్డుకొచ్చాడు. ఇసక మీద కాలు పెడుతూనే, ఒళ్ళంతా నీళ్ళోడుతూ ఏమన్నాడో విను: "మెరుపు కోసం చేసిన పని. బలం కోసం చేసింది కాదు." ఒడ్డున ఉన్నవాళ్ళంతా నవ్వారు. నా కొడుకు కూడా అక్కడే ఉన్నాడు.

పెద్దల సభ తీర్మానం ఇది. లేతు చర్చి చందాలతో కొన్నది, ఊరిది. అక్టోబరులో పిల్లల ఆదివారం నాటికి లూపే తిరగకపోతే లేతుని అపియా పట్నం వర్తకుడికి అమ్మేస్తారు. ఎదుటి లంక పిల్లలు తెల్లబట్టలు కట్టుకుని చర్చికి రావాలంటే లూపేనే దిక్కు కదా.

 నా కొడుకు తెల్లారి టారో దుంపల తోటకి పోతాడు, వచ్చి షెడ్డు ఊడుస్తాడు, లేతు మీద గుడ్డ కప్పుతాడు. శవం మీద కప్పినట్టు కప్పుతాడే! ఆ లేతు పోతే వాడు మనిషిగా మిగలడు. అందుకని నీ యూనివర్సిటీ ముద్ర వేసి ఒక కాగితం పంపు. తప్పు పెనియమినాది కాదని రాయి. పెద్ద అక్షరాలతో రాయి, తువాలాకి చూపు మందం.

అక్కడ చలట కదా. సాక్సులు వేసుకో.

నీ పెద్దమ్మ

---

న్యూకాసిల్, ఆస్ట్రేలియా
1996 జూలై 21

పెద్దమ్మకు నమస్కారాలు.

ఉత్తరం చదువుతూనే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. విరిగిందా! ముక్కలు సముద్రంలో పడెయ్యలేదు కదా? దయచేసి ఎవరినీ ముట్టుకోనివ్వకు. విరిగిన మొహాన్ని తుడవద్దు, రుద్దద్దు. నూనె రాసి, గుడ్డ చుట్టి, ఎవరైనా ఇటు వస్తుంటే ఇచ్చి పంపించు. నేను రెండేళ్ళుగా కంప్యూటరులో కడుతున్నది సరిగ్గా ఇదే లెక్క. రోలరు నొక్కిపోయాక లోహం లోపల ఎంత బిగువు మిగిలి ఉంటుంది, ఎంత లోతు వరకు ఉంటుంది అని.

పెద్దమ్మా, ఇది నీకు చిటికెలో అర్థమవుతుంది. మన అపియా బస్సు గుర్తుందా? సీట్లన్నీ నిండాక ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చుంటాం. ఆ ఇరుకులో వేలు దూర్చాలన్నా సందుండదు. రోలరు షాఫ్టు పైపొరని అలా అదుముతుంది. బీట అంటే సందు. సందే లేకపోతే బీట ఎక్కడ పుడుతుంది? ఈ అదుముడు ఉన్నంతకాలం షాఫ్టు విరగకూడదు. నా లెక్క అదే చెబుతోంది. మరి విరిగిందంటే ఎక్కడో అదుముడు తప్పి లాగుడు వచ్చింది. ఎక్కడ వచ్చింది? అది తెలిసేదాకా నాకు నిద్ర లేదు!

అన్నయ్యని మూడు విషయాలు అడిగి చెప్పు. ఒకటి, నూనె ధార పడుతూనే ఉందా? రెండు, ఎక్కడైనా మరలు ఎక్కువ బిగించి గట్టిగా నొక్కాడా? మూడు, ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళేలోగా మధ్యలో ఆపాడా?

కాగితం మాత్రం ముక్క చూడకుండా రాయలేను. కోప్పడకు.

సాక్సులు వేసుకున్నాను.

ఆవోలేలే

---

వైతోవా
1996 ఆగస్టు 8

ఆవోలేలేకు.

షాఫ్టు విరిగితే నీకు పండగలా ఉన్నట్టుంది! సొసెఫినా చదువుతుంటే నేను చేత్తో ఆపి, "మళ్ళీ చదువు, నిజంగా అలాగే రాసిందా?" అని అడిగాను. మీ అన్న మొహం వాడిపోయి కూర్చుంటే నువ్వు కుర్చీలోంచి ఎగురుతావా? (నేను చదివిన తీరులోనే కొంచెం ఉత్సాహం ఎక్కువైందేమో. సొసెఫినా.)

పైగా ఆ ప్రశ్నలేమిటే? సభలో తువాలా అడిగినట్టే అడిగావు. అక్కడ అతనికి చెప్పిందే ఇక్కడ నీకూ చెబుతున్నాను. నూనె పడుతూనే ఉంది, పోసింది నేనే, కొబ్బరి చిప్పతో. మరలు మొదట బిగించినవే, మళ్ళీ వాటి మీద చెయ్యి పడలేదు. ఆపడమా? నా కొడుకు పని మధ్యలో ఆపే రకమా? ఆ రోజు భోజనానికి కూడా లేవలేదు. నేనే టారో ముక్కలు నోట్లో పెట్టాను. ఆపలేదు, ఆపలేదు, ఆపలేదు. రాయి సొసెఫినా, మూడుసార్లు రాయి.

ముక్కని సొసెఫినా తమ్ముడి చేతికిచ్చి పంపుతున్నాను. చాపలో చుట్టాను. సిడ్నీ విమానాశ్రయంలో పలాంగీలు, ఆ తెల్లవాళ్ళు, తెరిచి చూస్తే చూడనీ, దాచాల్సిందేం లేదు. వాడి పని మీద నమ్మకంతో పంపుతున్నాను. నువ్వు నీ లెక్కని కాపాడుకోవడానికి నా కొడుకు మీదికి తోస్తే మాత్రం, నిన్ను ఎత్తుకు తిరిగిన ఈ చేతులే ఉన్నాయని గుర్తుంచుకో.

ఎర్ర కోడి పిల్లల్ని పొదిగింది.

పెద్దమ్మ

---

న్యూకాసిల్
1996 ఆగస్టు 29

పెద్దమ్మా,

ముక్క వచ్చింది! ల్యాబులో అందరూ నా బల్ల చుట్టూ మూగారు. మా ప్రొఫెసరు కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి, "ఈ నునుపు లారీ బేరింగుతో తెచ్చాడా?" అని రెండుసార్లు అడిగాడు. అన్నయ్యకి చెప్పు. తప్పకుండా చెప్పు.

భూతద్దం పెట్టి చూస్తే బీట ఎక్కడ మొదలైందో తెలిసిపోయింది. షాఫ్టు చుట్టూ వెంట్రుకంత సన్నటి చార ఒకటి ఉంది, వేలికి ఉంగరంలా. వేలితో తడిమితే తెలియదు, గోటితో గీస్తే తెలుస్తుంది. మిగతా షాఫ్టంతా అద్భుతం. ఆ చార అంచున మాత్రమే బీట పుట్టి లోపలికి పాకింది.

ఆ చార దగ్గర రోలరు మిగతా చోట్ల కంటే లోతుగా దిగింది. నాకు తోచిన కారణం ఒక్కటే. అక్కడ అన్నయ్య ఎక్కువ నొక్కి ఉంటాడు. మర తిప్పిన సంగతి వాడికే గుర్తుండకపోవచ్చు. కంప్యూటరులో అలాగే పెట్టి చూస్తున్నాను. ఇంకా సరిగ్గా కుదరడం లేదు, ఎంత నొక్కినా నాకు వచ్చే చార వెడల్పుగా వస్తోంది, దీనంత సన్నగా రావడం లేదు. కానీ దగ్గరికి వచ్చేశాను పెద్దమ్మా, దగ్గరికి వచ్చేశాను!

ఆవోలేలే

---

వైతోవా
1996 సెప్టెంబరు 10

ఆవోలేలేకు.

నన్ను పెద్దమ్మా అనకు.

ఎక్కువ నొక్కాడట! మర తిప్పి మర్చిపోయాడట! ఆ మాట సొసెఫినా చదివేసరికి వాడు గుమ్మంలోనే ఉన్నాడు.  "ఆవోలేలే చెప్పిందంటే అలాగే అయి ఉంటుంది" అని తోటకి వెళ్ళిపోయాడు. నువ్వు చెబితే వాడు చెయ్యని తప్పు కూడా ఒప్పుకుంటాడే! నేను ఒప్పుకోను. ఆ రోజు లేతు మొదలైనప్పటి నుంచి ఆఖరి దాకా వాడి పక్కనే ఉన్నది నేను. జరిగింది జరిగినట్టు చెబుతాను, నీ కంప్యూటరుకి కూడా వినిపించు.

పొద్దున వాడు తోటకి పోయి టారో తవ్వుకుని వచ్చాడు. ఎండ నెత్తి మీద నుంచి వాలాక లేతు మొదలుపెట్టాడు. రోలరు చీమ నడకే కదా, అంగుళం నడవడానికి నా పాట ఒకటి అయిపోయేది. నూనె పోస్తూ కూర్చున్నాను. ఈ చివర నుంచి సగం దాటింది. శంఖం మోగింది. పొద్దువాలే ప్రార్థనకి సా కదా, స్విచ్చి కట్టేసి వాడూ నేనూ ఇంట్లోకి వెళ్ళి చాప మీద కూర్చున్నాం. తువాలా ప్రార్థన సంగతి నీకు తెలుసు, అపియా రోడ్డు కంటే పొడుగు. కీర్తన పాడాం. మళ్ళీ శంఖం మోగాక షెడ్డుకి వచ్చాం. రోలరు ఎక్కడ ఉన్నది అక్కడే, షాఫ్టుని ఒత్తుకుని, యజమాని కోసం కాచుకున్న కుక్కలా కదలకుండా ఉంది! వాడు మరల మీద చెయ్యి కూడా వెయ్యలేదు, స్విచ్చి వేశాడు, అది నడక సాగించింది. ఏ మర తిప్పాడు? ఎక్కడ ఎక్కువ నొక్కాడు? చెప్పు!

ఇక నువ్వు రాయాల్సిన పని లేదు. సభలో నేనే మాట్లాడుకుంటాను.

ఫువాతినో

(ఆవిడ కోపంగా ఉన్నారు, నిజమే. కానీ రోజూ పోస్టు బస్సు వచ్చే వేళకి రోడ్డు మీద ఉంటున్నారు. సొసెఫినా.)

---

న్యూకాసిల్
1996 సెప్టెంబరు 24

పెద్దమ్మా, పెద్దమ్మా, పెద్దమ్మా!

మూడుసార్లు రాశాను, ఒక్కసారైనా విను.

నీ ఉత్తరం బస్సులో చదివాను. "శంఖం మోగింది" దగ్గర అరిచాను. డ్రైవరు బస్సు ఆపేశాడు. దిగి ల్యాబుకి పరుగెత్తాను.

మధ్యలో ఆపాడా అని నేను అడిగాను. ఆపలేదని నువ్వు చెప్పావు. అబద్ధం కాదు. సా కోసం ఆపితే మన ఊళ్ళో ఎవరూ దాన్ని ఆపడం అనుకోరు! పొద్దు వాలడాన్ని పని ఆపడం అంటామా? అందరూ ఇళ్ళలో కూర్చోవాల్సిన సా వేళ రోడ్డు మీద పరుగెత్తి నీ చేతి దెబ్బ తిన్నదాన్ని, నేనే మర్చిపోయాను చూడు. ఇక్కడ మా యంత్రాలకి సాయంత్రం లేదు. అందుకే క్రిస్మస్‌కి అన్నీ చెప్పి, ఆపేముందు రోలరు వెనక్కి తియ్యాలని మాత్రం చెప్పలేదు. నాకు తట్టలేదు.

ఏం జరిగిందో చెబుతాను. నడుస్తున్న రోలరు బస్సు కండక్టరులా అందరినీ సమంగా సర్దుకుంటూ పోతుంది. అది ఒత్తుకునే ఆగిపోతే ఉన్నచోటే కూరుకుంటుంది. బస్సులో బరువైన మనిషి ఒకడు ధబాలున కూలబడ్డాడనుకో. వాడి కింద నలుగుతారు, సరే. పక్కవాళ్ళు? వాళ్ళు నడుముకి చుట్టుకున్న లావాలావాలు వాడి కింద చిక్కుకుని, చెరోవైపు లాగబడతారు. అదే లాగుడు! చార అంచునే ఉంది. కంప్యూటరులో రోలరుని మర తిప్పకుండా ఊరికే నిలబెట్టాను, మళ్ళీ నడిపించాను. వెంట్రుకంత చార వచ్చింది. బీట పుట్టిన చోటే ఎర్రగా లాగుడు వచ్చింది. ముక్కనీ తెరనీ పక్కపక్కన పెట్టి చూసి ల్యాబులో ఒక్కదాన్నే కీర్తన పాడాను. పలాంగీలు తలుపు దగ్గర నిలబడి విన్నారు.

అన్నయ్య ఎక్కువ నొక్కలేదు. ఆ మాట అన్నందుకు వాడి కాళ్ళు పట్టుకుంటానని చెప్పు. యూనివర్సిటీ ముద్రతో కాగితం ఇందులోనే ఉంది, పెద్ద అక్షరాలతో.

కాగితం సభని ఒప్పిస్తుందో లేదో తెలియదు. తిరిగే షాఫ్టు ఒప్పిస్తుంది. కొత్తది చెయ్యమను. అంతా అదే పద్ధతి, ఒక్కటి తప్ప. మొదలుపెడితే చివర దాటి రోలరు బయటపడేదాకా ఒకే ఊపు. పొద్దున్నే మొదలుపెట్టమను.

నీ ఆవోలేలే (పెద్దమ్మా అనొచ్చా?)

---

వైతోవా
1996 అక్టోబరు 16

మా బంగారు తల్లి ఆవోలేలేకు పెద్దమ్మ ఫువాతినో.

అనొచ్చు. వెయ్యిసార్లు అను.

కాగితం సభలో చదివించాను. తువాలా గడ్డం రుద్దుకుని, "అంటే ప్రార్థన వల్ల విరిగిందంటుందా నీ చెల్లెలి కూతురు?" అన్నాడు. సభంతా గుసగుస. నేను లేచాను. "ప్రార్థన వల్ల కాదు, రోలరు వల్ల. నువ్వు ప్రార్థనకి పోతూ నీ పంది మీద కాలేసి ఉంచుతావా? తీసే పోతావు కదా? వాడికి తియ్యాలని తెలియదు, నాకు తెలియదు, నీకు తెలియదు. ఇప్పుడు తెలిసింది" అన్నాను. సరే, ఒక్క అవకాశం అన్నారు. పిల్లల ఆదివారం గడువు గడువే అన్నారు.

శుక్రవారం పొద్దున్నే వాడు గుడ్డ తీశాడు. ఎన్ని నెలల తర్వాత తీశాడే ఆ గుడ్డ! కొత్త షాఫ్టు కోసం తెచ్చిన కడ్డీ ఎక్కించాడు, మరలు బిగించాడు, నేను నూనె చిప్ప పట్టుకున్నాను, కరెంటు పోయింది.

ఊరంతా పోయింది. మధ్యాహ్నం దాకా రాలేదు. శనివారం షాఫ్టు పడవకి బిగించాలి, ఆదివారం పిల్లలు రావాలి. వాడు నా వైపు చూశాడు. "అమ్మా, ఇప్పుడు మొదలుపెడితే పొద్దు వాలేలోగా అవ్వదు" అన్నాడు. "నువ్వు మొదలుపెట్టు. పొద్దు సంగతి నేను చూసుకుంటాను" అన్నాను.

రోలరు నడుస్తోంది. నూనె పోసే పని సొసెఫినాకి అప్పగించి నేను తువాలా ఇంటికి వెళ్ళాను. అతని భార్య వంటింట్లో ఉంది. శంఖం దూలానికి వేలాడుతోంది. "శంఖానికి బూజు పట్టింది, తుడిచి తెస్తాను" అని తీసుకుని వచ్చేశాను. షెడ్డు గుమ్మంలో చాప వేసుకుని, శంఖం కిందపెట్టి, దాని మీద కూర్చున్నాను. కూర్చోడానికి హాయిగా ఉండదే అది, నీకు చెప్పాలా!

సూర్యుడు నీళ్ళకి తగిలాడు. తువాలా వచ్చాడు. వెనక సగం ఊరు.

"ఫువాతినో, లే."

"మోకాళ్ళ నొప్పి, మతాయి గారూ. లేవలేను."

"పొద్దు వాలింది."

"ఎవరన్నారు? శంఖం మోగిందా? శంఖం మోగందే సా మొదలవ్వదు. నా పెళ్ళైన కొత్తలో ఈ రోడ్డు మీద నన్ను ఆపి ఆ నియమం చెప్పింది మీ నాన్నే."

"శంఖం నీ కింద ఉంది!"

"అయితే మోగదు లెండి."

ఎవరో కిసుక్కున నవ్వారు. తువాలా వెనక్కి తిరిగి చూసేసరికి ఆగిపోయింది. "దేవుడు చూస్తున్నాడు, ముసలమ్మా" అన్నాడు.

"చూడనీ. అటు షాఫ్టు వైపు కూడా చూస్తాడు. ఆదివారం ఆయన పిల్లలే ఆ పడవెక్కేది."

తువాలా గుమ్మంలోంచి తొంగి చూశాడు. నీ అన్న మాకేసి తల కూడా తిప్పలేదు, కళ్ళు రోలరు మీదే. దాని వెనక షాఫ్టు అద్దంలా వెలుగుతోంది, ముందు చెయ్యెడు మిగిలి ఉంది. తువాలా నిలబడ్డాడు, నిలబడ్డాడు, చివరికి చాప మీద నా పక్కన చతికిలబడ్డాడు. కాసేపయ్యాక, "ఇంకా ఎంత ఉంది?" అన్నాడు. మరికాసేపటికి, "అక్కడ నూనె చాలడం లేదు, పొయ్యమ్మా సొసెఫినా!" అని కేకేశాడు. (నేను పోస్తూనే ఉన్నాను. సొసెఫినా.) ఆఖరి రెండు వేళ్ళ వెడల్పు దగ్గర ఊరు ఊరంతా ఊపిరి బిగబట్టింది. బుడగ పగిలినంత మెత్తగా రోలరు చివర దాటి బయట పడింది. పెనియమినా స్విచ్చి కట్టేశాడు. అప్పుడు తల ఎత్తి, జనాన్ని చూసి, "ఎప్పుడొచ్చారు?" అన్నాడు!

నేను లేచాను. మోకాళ్ళు బాగానే ఉన్నాయి. శంఖం నా లావాలావాతో తుడిచి రెండు చేతులా తువాలాకి ఇచ్చాను. అతను నోటి దాకా తెచ్చుకుని ఆగి, "వెచ్చగా ఉంది" అన్నాడు. ఊరు పడీపడీ నవ్వింది. ఆ నవ్వు మధ్యే ఊదాడు. ఆ రోజు అతని ప్రార్థన చాలా చిన్నది.

వాడు గోటితో షాఫ్టు మొత్తం గీసి చూశాడు. నేనూ గీశాను. చార లేదు. ఆదివారం లంక పిల్లలు తెల్లబట్టల మీద చుక్క నీళ్ళు పడకుండా దిగారు. లూపే రోజూ పోతోంది, రోజూ వస్తోంది.

శంఖం మీద కూర్చున్నందుకు సభ నాకు ఒక పంది జరిమానా వేసింది. ఇచ్చాను. పెద్దల మధ్య కూర్చుని నేనూ ఒక ముక్క తిన్నాను. లేతు అమ్మే మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. పెనియమినా ఇప్పుడు పని చేస్తూ ఈల వేస్తున్నాడు, అదీ నీ పెదనాన్న ఈలే, తాళం లేదు.

నీ కంప్యూటరుకి ఒకటి చెప్పు, అక్కడి పలాంగీలకి కూడా చెప్పు. ఇప్పుడు రోజూ పొద్దు వాలే వేళకి తువాలా శంఖం పట్టుకుని తన ఇంటి ముందు నిలబడతాడు. ఊదేముందు మెడ చాచి, మన షెడ్డులో రోలరు నడుస్తోందేమోనని ఒకసారి చూస్తాడు. నేను చూడటం లేదనుకుంటాడు.

నీ పెద్దమ్మ
ఫువాతినో